ఒకే గాలి పీల్చిన వేళ్ళు

మా ఆయన తిప్పేస్వామి ఇరవై రెండేళ్ళపాటు గ్రామసభను మోపెడ్ మీద మోశాడు.

సభ అంటే జనం ఒకచోట కూర్చోవడం. మా చెలిమలపల్లిలో అట్లా ఎప్పుడూ జరగలేదు. ఏడాదికి నాలుగుసార్లు తీర్మానాల పుస్తకాన్ని మైనం గుడ్డ సంచిలో వేసుకొని, ఇంకు ప్యాడు చొక్కా జేబులో పెట్టుకొని, పంచాయతీ బంట్రోతుగా ఆయన ఇల్లిల్లూ తిరిగేవాడు. జనం కూలి పోగొట్టుకొని ఆఫీసు ముందర ఎందుకు కూర్చోవాలని ఆయన జాలి. కలుపు తీసే చేలోకి పోయేవాడు. బర్రెకు నీళ్ళు పెట్టేచోటికి, బాలింత మంచం దగ్గరికి పోయి వేలిముద్ర వేయించుకునేవాడు. అదే చేత్తో ఒకరికి బీపీ మాత్రలు, ఇంకొకరికి చుట్టాల కబురు. ఊరంతటికీ ఆయనంటే ఇష్టం. నాకూ ఇష్టమే. చిక్కంతా అక్కడే వచ్చింది.

నా పేరు హనుమక్క. నేను అర్జీలు రాస్తాను. రాని పంతులు గురించి, కాగితం మీదే తవ్వేసిన కుంట గురించి, మూతపడిన ఆసుపత్రి గురించి నేను నిలదీయని ఆఫీసు మా తాలూకాలో లేదు. నా పక్కన పడుకునే మనిషి సంచిలో ఏముందో మాత్రం ఎన్నడూ అడగలేదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చొని అర్జీ రాస్తున్నాను. మా పంచాయతీ గ్రామసభ తీర్మానాల నకళ్ళు ఇప్పించమని. ఆయన మోపెడ్ ఆపి, పక్కన కూర్చొని పుస్తకం తెరిచాడు.

"పని మధ్యలో ఉండావు. లేవద్దులే. వేలియ్యి చాలు."

"పైన ఏమీ రాయలేదు కదప్పా. దేనికి?"

"వీధి లైట్లకంట. పోయినాక రాసుకుంటారులే."

కుడిచేత్తో రాస్తూనే ఎడమచెయ్యి చాపాను. ఆయన నా బొటనవేలు పట్టుకొని ప్యాడు మీద అద్ది, కాగితం మీద పెట్టి, తన కండువాతో ఇంకు తుడిచాడు. గ్రామసభ ఏం చేస్తోందని ఒక చేత్తో అడుగుతూ, రెండో చేత్తో లేని సభకు హాజరు వేసిన మనిషిని నేను. ఆ పని ఇంకొకరు చేసుంటే చీపురు తీసుకునేదాన్ని.

జులైలో గద్దకొండ మీద సున్నం పూసిన రాళ్ళు లేచాయి. కంకర క్వారీకి హద్దురాళ్ళు. మా ఊరికి నీళ్ళు ఆ కొండ నుంచే. కొండ మీద పడ్డ వాన వంకలోకి దిగుతుంది, వంక ఇసుకలో మేము గుంటలు తవ్వుకుంటాము. ఆ గుంటలనే చెలిమలంటాము. బోర్లన్నీ ఎండిన ఏడు కూడా చెలిమల్లో బిందె మునిగింది. కొండ పేలిస్తే చెలిమ ఉండదు, చెలిమ లేకుంటే ఊరు ఉండదు. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు.

పంచాయతీ ఆఫీసుకు పోతే తీర్మానం చూపించారు. "క్వారీకి గ్రామసభ ఏకగ్రీవంగా సమ్మతించింది." కింద నూట ఎనభై ఏడు వేలిముద్రలు. నలభై మూడో ముద్ర నాది.

ఇంటికొచ్చి ఆయన ముందు నిలబడ్డాను. ఆయన అన్నం ముందు కూర్చొని ఉన్నాడు, కలపలేదు.

"వీధి లైట్లన్నావే."

"నాకట్లే చెప్పినార్మే."

ఇంకేం అంటాను. ఆ ముఖం చూస్తే తెలుస్తోంది, ఆయనకు అబద్ధం కట్టేది రాదు. మోసేది మాత్రమే వచ్చు.

డివిజన్ ఆఫీసరమ్మ కొత్తగా వచ్చింది. నా అర్జీ మొత్తం చదివింది. చదివే ఆఫీసరును అప్పుడే చూశాను. "సభ జరగలేదని మీరంటున్నారు, జరిగిందని పుస్తకం అంటోంది. సాక్షి మీ భర్త. భార్య కోసం చెబుతున్నాడని వాళ్ళంటారు. ముద్రలు సభలో పడినవి కావని రుజువు చూపించండి. పదిహేను రోజులు టైమిస్తాను" అంది.

వేలిముద్ర ఎక్కడ పడిందో ఎవరు రుజువు చేస్తారు? ఆ పొద్దు నేను బస్సులో ఏడ్చాను. అప్పుడు మా కూతురు గిరిజ ఫోను చేసింది.

గిరిజ జిల్లా కేంద్రంలో వేరుశనగ విత్తనాలకు పట్టించే సూక్ష్మజీవుల మందు తయారుచేసే ప్రయోగశాలలో పనిచేస్తుంది. కంటికి కనపడని జీవాలు. బెల్లం నీళ్ళలో కలిపి విత్తనానికి పట్టిస్తే నిద్ర లేచి పని మొదలుపెడతాయి. మా రైతులందరికీ తెలిసిన పనే. మూడేళ్ళ కిందట ఒకరోజు ఆ జీవాల్లో ఒక కొత్త రకం గాజుపలకల మీద వింత చూపించింది. కలిసి కూర్చొని అన్నం తిన్న ఐదుగురి చేతిగుర్తులు ఒకే రంగుకు తిరిగాయి. అలిగి పక్కగదిలో తిన్న ఆరో మనిషిది వేరే రంగు. అందరూ నవ్వుకొని పలకలు కడిగేశారు. గిరిజ కడగలేదు.

"అమ్మా, మీ పంచాయతీలో జనవరి నుంచి ఏ ఇంకు ప్యాడు వాడుతాండారు?"

"నాకేం తెలుసు. మీ నాయన జేబులో ఉంటాది. ఎండకు ఎండిపోదని మెచ్చుకుంటా ఉంటాడు."

"అది నాది. పది పంచాయతీలకు ప్రయోగానికిచ్చినాం. లోపల ఏముందో ఒప్పందంలో రాసే ఉంది. ఎవురూ చదవలేదు."

ఆదివారం గిరిజ ఇంటికొచ్చింది. ఒప్పందం ప్రకారం ఒక పేజీ ఆమె పరీక్షించుకోవచ్చు. జనవరి పేజీ తెరిచాము. వంటింట్లో గిన్నెలో బెల్లం నీళ్ళు, పిల్లలు బొమ్మలకు రంగులేసే కుంచె. గిరిజ ఒక్కో ముద్రనూ తడిపింది.

"వేలు పెట్టినప్పుడు ఆ గాలిలో ఎవరెవరి ఊపిరి ఉంటే అది పట్టుకుంటాది నాయనా. పట్టుకొని నిద్రపోతాది. ఇరవై రోజులైనాక బెల్లం పోస్తే లేచి చెప్తాది. ఒక గాలి పీల్చినోళ్ళందరిదీ ఒకే రంగు. ఎవరింట్లో వాళ్ళుంటే ఎవరి రంగు వాళ్ళది."

టీ కాగేలోపు పేజీ మారిపోయింది. బూడిద రంగు, పసుపు, ఎర్రమట్టి రంగు, చింతచిగురు రంగు, నేరేడుపండు రంగు. ఇంటికొక రంగు. పాతచీరల బొంత పరిచినట్లుంది. అందులో మా ఇద్దరి ముద్రలూ ఒకటే రంగు, వంగపువ్వు రంగు. ఆయన దాన్ని వేలితో తాకబోయి ఆగాడు.

"బాగుందే" అన్నాడు. ఉద్యోగం ఊడగొట్టే కాగితాన్ని చూసి బాగుందన్న మనిషి ఆయనొక్కడే ఉంటాడు. రిటైరయ్యేకి మూడేళ్ళుంది.

నేనైతే గెలిచేశాననుకున్నాను. "ఏప్రిల్ పేజీ కూడా ఇట్లే ఆ ఆఫీసరమ్మ ముందర తడుపుదాం. ఊరంతా చూస్తా ఉండగా."

ఆయన పుస్తకం మూసేశాడు.

"వద్దు."

"యాల? ఉద్యోగం పోతాదనా?"

"అది పోతే పోనీ. ఇట్ల చూడు." మళ్ళీ తెరిచి రెండు ముద్రలు చూపించాడు. పదిహేడోది, అరవై ఒకటోది. రెండూ చింతచిగురు రంగు. పదిహేడు మారెక్కది. అరవై ఒకటి యశోదది.

యశోద మారెక్క కూతురు. ఆరేళ్ళ కిందట వేరే కులం పిల్లోణ్ణి ఇష్టపడి చేసుకుంది. తండ్రి గాదిలింగప్ప ఆ పొద్దు నుంచి బిడ్డ పేరెత్తలేదు, భార్యను ఆ వీధి తొక్కనివ్వలేదు. తొక్కలేదనే ఊరంతా అనుకుంటోంది.

"మారెక్క సోమవారం సోమవారం ఆ ఇంటికి పోతాది. మనవరాలికి తలకు నూనె పెట్టి వస్తాది. నేనా వంటింట్లోనే ఆయమ్మ వేలు వేయించుకుంటా. ఆరేండ్లుగా" అన్నాడు.

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నీకు చెప్తే అర్జీ రాస్తావు."

గిరిజ నవ్వబోయి నవ్వలేదు. కుంచె గిన్నెలో పెట్టేసింది. "దొంగ సభ పట్టుకునేకి చేసినాను నాయనా. ఎవరింట్లో ఎవరున్నారో చెప్తాదని తెలుసు. తెలిసీ దాన్ని గురించి ఆలోచించలేదు." కాసేపటికి అంది, "ఇది చెడ్డోని చేతిలో పడితే యూనియన్ మీటింగుకు ఎవరు పోయినారో కూడా చెప్తాది."

మేము ముగ్గురం ఆ వంటింట్లోనే వాదులాడుకున్నాము. నేను గట్టిగానే అరిచాను. ఒక ముసలామె రహస్యమా, ఊరి నీళ్ళా అని అడిగాను. ఆయన ఎప్పటిలాగే నెమ్మదిగా, కానీ కదలకుండా చెప్పాడు.

"ఏలు ఎవురిదో వాళ్ళనడగల్ల. ఇన్నాళ్ళూ అడక్కుండానే తీసుకుంటి. ఇంగ అడిగి చూస్తా."

మర్నాడే ఇంకు ఒప్పందం చూపించి సభకు ఆఫీసరమ్మను ఒప్పించాను. ఆ తర్వాత మళ్ళీ మోపెడ్. ఈసారి వెనక నేను కూర్చున్నాను. ప్రతి ఇంటి ముందరా ఆయన ఒకే మాట చెప్పాడు. "ఏప్రిల్‌లో నీ ఏలు పెట్టిచ్చుకుంటి కదా. దాని పైన క్వారీ రాసినారు. వచ్చే సోమవారం శనక్కాయల గోదాములో నిజం సభ. ఎవురి ముద్ర వాళ్ళు తడిపి, మేము సభలో లేమని చూపిస్తే సరిపోతాది. నీకిష్టమైతే రా. ఇష్టం లేకుంటే నీ ముద్ర ఎవురూ ముట్టుకోరు."

కొందరు తిట్టారు. "ఒకపూట కూలి నువ్విస్తావా" అన్నారు. ఒకామె "నువ్వే వచ్చి తీసుకుపోతావని కదా తిప్పేసామీ మేము సభ మానింది" అంది. ఆ మాటకు ఆయన ఆ వీధి చివరిదాకా బండి ఎక్కలేదు, తోసుకుంటూ నడిచాడు.

మారెక్క చేనిలో కలుపు తీస్తోంది. ఎవరూ దగ్గర లేకుండా చూసి నేనే చెప్పాను. రంగుల సంగతి, సోమవారాల సంగతి. ఆమె కలుపు తీసే తొలిక పక్కన పెట్టి కూర్చుంది.

"అయితే మా ఇంటాయన ముద్ర ఒక రంగు, నాదొక రంగు వస్తాదంటావు."

"వస్తాది. నువ్వు తడపకుంటే ఏమీ రాదు. నిన్ను బలవంతం చేసేకి రాలేదు."

"నువ్వా? బలవంతం చేసేకి రాలేదా?" నవ్వింది. తర్వాత కొండ వైపు చూసింది. "నా మనవరాలికి ఐదేండ్లు. దానికి పెండ్లయ్యే వయసుకి ఈ వంకలో నీళ్ళుండల్ల. మా ఆయనకు కోపమొస్తే ఎన్నాళ్ళుంటాది, ఆర్నెల్లు ఉంటాది. అదుండనీ హనుమక్కా, అందరూ ఒకేచోట కూచుని ఏలేస్తే ఏం రంగొస్తాది?"

"ఒకే రంగు."

"అప్పుడు ఎవురు ఎవురింటికి పోయిందీ కనపడదు కదా?"

"కనపడదు."

"ఆ సభేదో ముందే పెట్టింటే పోతాండె" అని తొలిక తీసుకుంది.

సోమవారం గోదాములో మూటలు గోడవారకు జరిపి జాగా చేశాము. ఆఫీసరమ్మ బల్ల వేసుకొని కూర్చుంది. పాత తీర్మానం తప్పని తేలితే అక్కడే కొత్తగా ఓటు తీసుకుంటామని, గోదాములో కనీసం రెండువందల మంది ఉండాలని చెప్పింది. పది గంటలకు అరవై మంది ఉన్నారు. పదకొండుకు నూట యాభై. కొంగులో పిల్లల్ని వేసుకొని, చేతికర్ర పట్టుకొని, కలుపు తీసిన మట్టిచేతులతో వచ్చారు. మా ఊరిని మా ఊరు ఒకేచోట చూసుకోవడం అదే మొదటిసారి. "ఇంతమందిమి ఉన్నామా" అని ఎవరో అన్నారు.

తిప్పేస్వామి లేచాడు. సభలో మాట్లాడటం ఆయనకు తెలీదు, సంచి పట్టుకొని మాట్లాడాడు.

"ఈ పుస్తకం ఇల్లిల్లూ తిప్పింది నేనే. ఎవురూ నన్ను కొట్టి తిప్పిచ్చలేదు. మీకు కూలి పోతాదని తిప్పినా. మీ ఏలిముద్రలతో పాటు మీ నోర్లు కూడా ఈ సంచిలో ఏసుకొని పోతాన్నానని నాకు తెలీకపోయె. తప్పు నాది."

కూర్చున్నాడు. ఆఫీసరమ్మ ఆ మాటలు రాసుకుంది. ఉద్యోగం ఆ పేనా కిందనే పోయిందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. గిరిజ గిన్నె పట్టుకొని నిలబడింది, బెల్లం నీళ్ళు అంచు దాటి తొణికాయి. ఆయన వెళ్ళి గిన్నె అడుగున తన చెయ్యి కూడా పెట్టాడు.

ఒక్కొక్కరే వచ్చి ఎవరి ముద్ర వాళ్ళు తడుపుకున్నారు. ముందు మేమిద్దరం, వంగపువ్వు రంగు. తర్వాత పసుపు. తర్వాత ఇటుక రంగు. జనం మెడలు సాచి చూస్తున్నారు. మారెక్క వచ్చింది. చింతచిగురు రంగు. ఆమె వెనకే గాదిలింగప్ప. పెద్దమనిషి, మీసం తెల్లబడినా మెలి తగ్గలేదు. కుంచె తీసుకొని తన ముద్ర తడిపాడు. బూడిద రంగు వచ్చింది.

ఆయన పేజీ వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఇద్దరూ ఒకే ఇంటి మనుషులు, రెండు రంగులు. గోదాములో గుసగుస మొదలైంది. అప్పుడు వాకిట్లో, సగం ఎండలో సగం నీడలో బిడ్డను చంకనేసుకొని నిలబడ్డ యశోద లోపలికి నడిచింది. ఆమె ముద్ర ముట్టుకోమని ఎవరూ అడగలేదు. తల్లిని అందరి నోళ్ళకూ ఒంటరిగా వదలలేక వచ్చింది. తనే కుంచె తీసుకొని తడిపింది. చింతచిగురు రంగు.

గుసగుస ఆగిపోయింది.

"తిప్పేసామీ" అన్నాడు గాదిలింగప్ప. "ఎన్నేండ్లాయ ఇది?"

"ఆరేండ్లన్నా."

"నాకు చెప్పకపోతివే."

"నువ్వడగలేదు. అడిగినా చెప్పేటోణ్ణి కాదు. ఎవురి ఏలు యాడ పెట్టిచ్చుకున్న్యా అనేది నాతోనే ఉంటాది."

గాదిలింగప్ప నిలబడే ఉన్నాడు. గిరిజ తల వంచుకుంది. ఈ ఇంకు కనిపెట్టింది తనేనని ఆ క్షణంలో ఎవరికీ తెలియకుండా ఉంటే బాగుండుననుకున్నట్టుంది. గాదిలింగప్ప పోయి తన జాగాలో కూర్చున్నాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. యశోద మళ్ళీ వాకిట్లోకి పోయి నిలబడింది. కాసేపటికి ఆయన ఎవరి వైపూ చూడకుండా, భార్యతో అన్నాడు.

"వాకిట్లో ఆ బిడ్డకు ఎండ తగుల్తాంది. లోపలికొచ్చి కూచోమను. అందరూ ఒక గాలిలో ఉండల్లని చెప్పినారు కదా."

ఇరవయ్యో ముద్ర దగ్గరే ఆఫీసరమ్మ చాలంది. మిగతావి తడపకుండానే వదిలేశారు. పాత తీర్మానం కొట్టేసింది. కొత్త తీర్మానం పైన పూర్తిగా రాసి, గట్టిగా చదివి వినిపించాకే ప్యాడు తెరవాలని చెప్పింది.

అదే సమయంలో గేటు దగ్గర గొడవ. క్వారీవాళ్ళ మేనేజరు జీపు అడ్డం పెట్టి, ఆలస్యంగా వచ్చేవాళ్ళను సభ అయిపోయిందని వెనక్కి పంపుతున్నాడు. నేను పరుగున పోయాను. ఆ మేనేజరుతో నేనేం మాట్లాడానో ఇక్కడ రాయను, అర్జీ భాష కాదు. జీపు పక్కకు జరిగేదాకా అరగంట పట్టింది, మళ్ళీ అడ్డం రాకుండా అక్కడే నిలబడ్డాను. ఆగినవాళ్ళు కూడా పోయాక లోపల క్వారీ వద్దని చేతులెత్తారు, వేళ్ళేశారు. తిప్పేస్వామి నా పక్కకొచ్చి పుస్తకం తెరిచాడు.

"పని మధ్యలో ఉండావు. వేలియ్యి చాలు."

ఇచ్చాను. జీపు మీది నుంచి చూపు తిప్పకుండానే.

సాయంత్రం ఆయన చేతికి సస్పెన్షన్ ఆర్డరు ఇచ్చారు. సంచి అప్పగించేటప్పుడు దాని పట్టీ ఊడిందని, కుట్టించి ఇస్తానని అడిగాడు. అక్కర్లేదన్నారు. ఇంటికొచ్చాక గిరిజ ఆయన పాదాల దగ్గర కూర్చొని "నా ఇంకు నీ పని తినేసె నాయనా" అంది. "లేదుమే. నా పని ఊరిని తింటాన్నె. నీ ఇంకు కనుక్కునింది, అంతే" అన్నాడు. ఆ తర్వాత మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ సంగతి గిరిజకు చెప్పొద్దన్నాడు.

సభలో అందరూ ఒప్పుకున్నట్టే, ఇరవై రోజులకు కొత్త పేజీ తడపడానికి పంచాయతీ ఆఫీసుకు పిలిచారు. ఆఫీసరమ్మ, గిరిజ, నేను, ఊరి నుంచి ఓ పాతిక మంది. సస్పెన్షన్‌లో ఉన్న మనిషి లోపలికి రాకూడదని తిప్పేస్వామి కిటికీ బయట నిలబడ్డాడు. రెండువందల తొమ్మిది ముద్రలు. గిరిజ పెద్ద కుంచె తెచ్చింది, ఒక్కో వరస తడుపుతూ పోయింది.

రంగు తేలింది. వానకు ముందు ఎర్రనేల ఉంటుంది చూడండి, ఆ రంగు. వరస తర్వాత వరస, అదే. మారెక్క, గాదిలింగప్ప, యశోద, నిన్నటిదాకా మాట్లాడుకోని వీధులు, అందరిదీ అదే. ఎవరు ఎవరింటికి పోతారో ఆ పేజీకి తెలియదు. ఒక్కచోట కూర్చున్నారని మాత్రం తెలుసు.

"చివరిది వేరేగా ఉందే" అంది ఆఫీసరమ్మ.

రెండువందల తొమ్మిదోది. వంగపువ్వు రంగు.

గిరిజ నా వైపు చూసింది. కిటికీ బయట నుంచి దగ్గు వినపడింది.

"పని మధ్యలో ఉండింది మేడమ్" అన్నాడు తిప్పేస్వామి. "గేటు కాడ. నేనే తీసుకపోతి."

ఊరి సభను దొంగసభ అని పట్టించిన మనిషి ముద్రే దొంగముద్ర అయింది. మొదట ఎవరో కిసుక్కున నవ్వారు. గాదిలింగప్ప మీసం కింద నవ్వాడు. ఆఫీసరమ్మ ఎర్రపేనా తీసి నా ముద్ర మీద గీత కొట్టింది. రెండువందల ఎనిమిది సరిపోతాయి, తీర్మానం నిలిచింది అంది. నేను ఆ గీత పక్కన "సభలో లేను" అని రాసి సంతకం పెట్టాను. నా జన్మలో అంత పొట్టి అర్జీ రాయలేదు.

హద్దురాళ్ళు పీకేశారు. ఆయన ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. దానికి నేను అర్జీ రాయబోతే వద్దన్నాడు, తప్పు తప్పే అన్నాడు. ప్రయోగశాలవాళ్ళు మాత్రం గిరిజ మాట విని, ముద్ర వేసిన మనిషి ఒప్పుకోకుండా ఏ పేజీ తడపకూడదని ఒప్పందంలో మొదటి లైనుగా రాశారు. ఈసారి చదువుతారేమో చూడాలి.

అక్టోబరు రెండో తేదీ పొద్దున అరుగు మీద కూర్చొని రాసుకుంటున్నాను. మోపెడ్ వచ్చి ఆగింది. ఆయన భుజానికి సంచి లేదు, ఆ భుజం ఇంకా కొంచెం వంగే ఉంటుంది.

"లెయ్. సభకు టైమాయ."

"పని మధ్యలో ఉన్నానప్పా. ఈ ఒక్క పేజీ."

"ఉండు. తెచ్చిచ్చేకి నా కాడ పుస్తకం లేదు." బండి స్టార్టు చేశాడు. "మారెక్కా, గాదిలింగప్పా, యశోదా ముగ్గురూ కలిసి పోయినారప్పుడే. చిన్నది ముందర నడుస్తాంది."

కాగితం మీద రాయి పెట్టి, వెనక ఎక్కాను.